నోటి కొలత

ఆయనకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది. మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీద తప్ప అదింకెక్కడా కనబడదు. ఎముకల ఆసుపత్రిలో నర్సులూ, ఆయాలూ, లిఫ్టు నడిపే అతనూ, చివరికి ఆయనకంటే నాలుగేళ్లు పెద్దవాడైన వాచ్‌మనూ కూడా ఆయన్ని పిలిచేది "రెండేళ్ల బాబాయి" అనే. కొత్తగా చేరినవాళ్లు ఆ మాట విని, పాపం ఆయనకెప్పుడో రెండేళ్ల శిక్ష పడిందేమో అనుకుంటారు. శిక్ష పడింది ఆయనకు కాదు, ఆయన చుట్టూ ఉన్నవాళ్లకి.

ఉద్యోగం రికార్డుల గదిలో. రెండో అంతస్తు, ఎక్స్‌రే గది పక్కన. రెండు ఇనుప బీరువాలు, ఒక కిటికీ, తీగ మెలికలు పడిపోయిన ఫోను, అట్ట ఊడితే రెండుసార్లు కుట్టించిన పెద్ద రిజిస్టరు. కంప్యూటరు కూడా ఉంది. దాని మీద బాబాయి తువ్వాలు ఆరేసుకుంటాడు. లిఫ్టు కోసం నిలబడితే పొద్దు గడిచిపోతుందని రోజూ మెట్లెక్కే వస్తాడు. మోకాళ్లు టకటకమంటాయి. ఆ చప్పుడు వినే నర్సులు టీ గ్లాసులు దాచేసి పనిలో పడతారు.

మోకాలో తుంటో అరిగిపోతే దాని చోట లోహపు కీలు పెడతారని అందరికీ తెలుసు. ఏ కొద్దిమందికో ఆ కీలు చుట్టూ క్రిములు చేరతాయని మాత్రం చేరినవాళ్లకు తప్ప ఎవరికీ పట్టదు. ఆ క్రిములు మామూలువి కావు. లోహం మీద జిగురుపొర కట్టుకొని, ఖాళీ చెయ్యమంటే చెయ్యని అద్దెవాడిలా కూర్చుంటాయి. డాక్టర్లు కోసి కడుగుతారు. లొంగకపోతే కీలునే పీకేసి, మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టి, కొన్ని వారాలు ఆగి మళ్లీ కొత్త కీలు బిగిస్తారు. సూదులూ, మాత్రలూ నెలల తరబడి. ఇదంతా అయ్యాక అసలు ప్రశ్న మొదలవుతుంది. ఇంతకీ జబ్బు నయమైనట్టా, కానట్టా?

దానికి ఎవరి జవాబు వాళ్లకుంది. కోసిన డాక్టరు కుట్లు విప్పిన రోజే నయమంటాడు. రక్తం చూసేవాడు కాగితం మీద అంకె దిగితే నయమంటాడు. రోగి మేడమెట్లు ఎక్కగలిగితే నయమంటాడు. రోగి కోడలు, ఆయన మేడెక్కి అక్కడే ఉండిపోతే నయమంటుంది. ఈ గోల భరించలేక ఆ విభాగం పెద్ద డాక్టరమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. చివరి ఆపరేషను అయిన రోజు నుంచి రెండేళ్లు నిండాలి. ఆ రెండేళ్లలో మళ్లీ కత్తి పడకూడదు. గాయం నుంచి రసి కారకూడదు. మొదటి ఆర్నెల్లు పోగా క్రిముల మందు మింగుతూ ఉండకూడదు. పెట్టిన కీలు పెట్టినచోటే ఉండి మనిషి బరువు మొయ్యాలి. నాలుగూ కుదిరితేనే నయం. మూడు నెలలకొకసారి ఫోను చేసి ఈ నాలుగు ప్రశ్నలూ అడిగి రిజిస్టర్లో ఎక్కించడం బాబాయి పని.

అక్కడితో ఊరుకుంటే ఆయన బాబాయెందుకవుతాడు? నయమైనవాళ్ల పేరు కింద ఆకుపచ్చ గీత, కానివాళ్ల కింద ఎర్ర గీత గీయడం మొదలుపెట్టాడు. ఇది డాక్టరమ్మ చెప్పింది కాదు, ఆయన సొంత కళ. రెండేళ్లు నిండిన రోజు ఫోను చేసి, "నిండిందండీ! ఇప్పుడే గీస్తున్నా, వినండి" అని ఫోను కాగితం పక్కన పెట్టి, స్కేలు పెట్టి బర్రుమని గీసేవాడు. అవతల పెద్ద పెద్దవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చేవాళ్లు. ఏడాది దాటినవాళ్లను ముందునుంచే ఊరించేవాడు కూడా. "ఇంకెంత, మరో ఏడు నెలలు. నా పచ్చగీత చెడగొట్టకండేం!" అని. ఈ ఒక్క మాటలోనే మొత్తం చేటంతా ఉందని ఆయనకు అప్పటికి తెలియదు.

ఉద్యోగాన్ని ఆసుపత్రిలో వదిలేసి ఇంటికొచ్చే మనిషైనా బాగుండేది. ఇంట్లోనూ అదే తూకం. కొత్త మిక్సీ కొంటే, "తిరుగుతోంది సరే, రెండేళ్లు నిండనీ." గోడకు రంగు వేయిస్తే, "రెండేళ్లు చూద్దాం." కూతురికి పెళ్లయి ఇరవై రెండు నెలలు. అల్లుడు కళ్లజోళ్ల దుకాణం పెట్టుకున్న నెమ్మదస్తుడు. మామగారికి కొత్త కళ్లజోడు అద్దాలు తనే అరగదీసి, తనే బిగించి ఇచ్చాడు. "అల్లుడు ఎలాంటివాడండీ?" అని ఎవరైనా అడిగితే బాబాయి, "ఇప్పటివరకూ ఫర్వాలేదు" అంటాడు, అదీ అల్లుడి ఎదుటే. పాపం ఆ పిల్లవాడు పరీక్ష రాసి ఫలితం కోసం ఎదురుచూసేవాడిలా ఇంకో రెండు నెలలు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఒకరోజు బాబాయి భార్య, ఆసుపత్రి మొత్తానికి పిన్ని, అడగనే అడిగింది.

"నన్ను చేసుకొని ముప్పై ఒక్కేళ్లయింది. నా పేరు కింద ఏ గీత గీశారో చెప్పండి."

"నీ పేజీ ఎప్పుడో నిండిందే."

"నిండింది సరే, ఏ సిరాతో?"

బాబాయి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఇక టైలరు మాస్టారి సంగతి. ఆసుపత్రి వెనక రెండు వీధుల అవతల ఆయన దుకాణం. ఒక కాలి మిషను, ఒక కత్తిరింపు బల్ల, తలుపు వెనక నిలువుటద్దం, బొత్తాలు కుట్టే భార్య. కుడి మోకాలి కీలులో చీము పట్టి, కీలు తీసి, సిమెంటు పెట్టి, మళ్లీ కీలు పెట్టేదాకా మూడు నెలలు ఆసుపత్రిలోనే గడిపాడు. పడుకోమంటే పడుకునే రకం కాదు. వార్డు తెరలన్నీ మంచం మీద కూర్చునే కుట్టేశాడు, డాక్టరమ్మ తెల్లకోటుకు ఊడిన జేబూ కుట్టిచ్చాడు. బాబాయికీ ఆయనకూ అప్పుడే జోడీ కుదిరింది. ఇద్దరివీ నస మాటలే. ఒకరి నస ఇంకొకరికి సంగీతం.

రెండేళ్ల నుంచి ప్రతి మూడు నెలలకూ ఫోను. రెండు వీధుల అవతల ఉన్న మనిషికి ఫోనెందుకని పిన్ని అడిగితే, "పద్ధతంటే పద్ధతే. దూరంవాళ్లకొకటీ దగ్గరవాళ్లకొకటీనా?" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ ఏడు పెద్ద డాక్టరమ్మ వేరే ఊళ్లో డాక్టర్ల సభలో ఈ రిజిస్టరు ఫలితాలు చదవాల్సి ఉంది. మొత్తం అరవై రెండు పేర్లు. నలభై తొమ్మిది పచ్చ, పన్నెండు ఎరుపు. మిగిలింది ఒక్క మాస్టారే. ఆయనకీ పచ్చ పడితే యాభై. అంటే నూటికి ఎనభై దాటుతుంది. బాబాయి ఈ లెక్క కాగితం మీద నాలుగుసార్లు వేసి చూసుకొని, ఆగలేక మాస్టారికి చెప్పేశాడు.

"మీరు యాభయ్యోవారు మాస్టారూ! ఎనభై దాటించేది మీరే!"

"దాటించేద్దాం బాబాయ్. ఆ రోజు వేసుకోడానికి మీకో ప్యాంటు నా చేత్తో కుట్టిపెడతాను. ఆ జారిపోయే ప్యాంటుతో గీత గీస్తే గీత వంకరపోతుంది."

ఇంకా పదహారు రోజులుందనగా చివరిసారి ఫోను చేశాడు.

"మళ్లీ కత్తి పడలేదు కదా? రసి కారడం లేదు కదా? మందులు మింగడం లేదు కదా? బరువు మోస్తోంది కదా?"

చూశారా అడిగిన తీరు! జవాబు కూడా తనే పెట్టి అడిగితే అవతలివాడికి "ఊఁ" అనడం తప్ప ఏం మిగులుతుంది? మాస్టారు ఊఁ కొట్టాడు. నాలుగుసార్లు. "బ్రహ్మాండంగా ఉన్నా బాబాయ్. సాయంత్రం కొలతలకు రండి."

ఆఫీసు అయ్యాక బాబాయి వెళ్లాడు. మాస్టారు మిషను దగ్గర కుర్చీలో కూర్చొనే పలకరించాడు. భార్య చొక్కాకు బొత్తం కుడుతూ, "రండి అన్నయ్యగారూ" అని మళ్లీ తల వంచుకుంది. ఎప్పుడూ గలగలమనే మనిషి. ఇవాళేమిటో నోట్లో దారం ఉంది కాబోలు అనుకున్నాడు బాబాయి.

"నడుం ముప్పై నాలుగు వేసుకోండి మాస్టారూ" అన్నాడు.

మాస్టారు టేపు మెడలోంచి తీసి, కళ్లజోడు పైనుంచి చూశాడు.

"ఎవరు చెప్పారు?"

"నేనే చెబుతున్నాగా. నా నడుం నాకు తెలీదా?"

"ఈ వీధిలో మగాళ్లందరి నడుమూ ముప్పై నాలుగే బాబాయ్, నోటితో అయితే. పెళ్లిలో కుట్టించుకున్న అంకె పాతికేళ్లయినా నాలుక మీదే ఉంటుంది. ముప్పై ఏళ్ల నుంచి కుడుతున్నా, నోటి కొలత మీద ఒక్క గుడ్డ కత్తిరించలేదు. ఒంటి కొలత ఇస్తే ఇవ్వండి, లేకపోతే రెడీమేడు కొట్టుకెళ్లండి."

టేపు చుట్టాడు. ముప్పై ఎనిమిదిన్నర. బాబాయి ఊపిరి బిగబట్టాక ముప్పై ఎనిమిది. మాస్టారు అర అంగుళం కూడా తగ్గించకుండా ముప్పై ఎనిమిదిన్నరే రాసుకొన్నాడు.

ఇక పొడుగు. నడుం నుంచి మడమ దాకా కొలవాలంటే వంగాలి, లేదా ఒక మోకాలి మీద కూర్చోవాలి. మాస్టారు లేవలేదు. "బల్లెక్కండి బాబాయ్, కొత్త పద్ధతి" అన్నాడు.

"బల్లెక్కడమేమిటండీ, నేనేమన్నా గుడ్డతానునా?"

"ఎక్కండి అన్నయ్యగారూ" అంది భార్య. ఆ మాట అన్న తీరులో ఏదో ఉంది. బాబాయి స్టూలు మీదుగా టకటకమంటూ కత్తిరింపు బల్ల ఎక్కి, తిరిగే ఫ్యానుకు తల తగలకుండా మెడ వంచి నిలబడ్డాడు. ఆ వంచిన మెడతో కిందికి చూస్తే సరిగ్గా మాస్టారి కుడి మోకాలు కనబడింది. బూడిదరంగు ప్యాంటు మీద, మోకాలి పక్కన, రూపాయి బిళ్లంత తడి మరక. అంచు పసుపు. పాత కళ్లజోడైతే కనబడేది కాదు.

"మాస్టారూ, అదేమిటి?"

"టీ ఒలికింది."

"టీ పసుప్పచ్చగా ఎండుతుందా? ప్యాంటు పైకెత్తండి."

"మీ కొలతలకొచ్చి నా కాలెందుకు బాబాయ్? బాగున్నానని ఫోన్లో చెప్పానుగా."

"నోటి కొలత పనికిరాదన్నది ఎవరండీ ఇప్పుడు!"

మాస్టారి భార్య బొత్తం పక్కన పడేసి వచ్చి, ఆయన ప్యాంటు మోకాలిపైకి మడిచింది. పాత కుట్టు చివర పప్పుగింజంత కన్నం. దాని మీద దూది, దూది మీద ప్లాస్టరు, ప్లాస్టరు దాటి రసి.

"పదకొండు రోజులైంది అన్నయ్యగారూ" అంది. "చెబితే నా మీద ఒట్టన్నారు."

బాబాయి ఇంకా బల్ల మీదే ఉన్నాడు. దిగాలన్న సంగతి మర్చిపోయాడు.

"ఎందుకు దాచారు మాస్టారూ?"

"ఇంకెంత, పదహారు రోజులే కదా" అన్నాడు మాస్టారు, చిన్నపిల్లాడిలా నేలచూపులు చూస్తూ. "గీత పడ్డ మర్నాడే వచ్చి చూపించుకుందామనుకున్నా. రెండేళ్లు నాకోసం ఫోను చేశారు. డాక్టరమ్మ సభలో చదవాలాయె. యాభయ్యోవాణ్ణి నేనే కదా చెడగొట్టేదని... మొహమాటపడ్డాను బాబాయ్."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కాలు మంచిదవుతుందని మాత్రం పెద్దవాళ్లెవరూ అనలేదు. ఈ మనిషి కాలు ఈ పదకొండు రోజులూ కుళ్లింది క్రిముల వల్ల కాదు, తన పచ్చసిరా వల్ల అనిపించింది బాబాయికి. సిగ్గేసింది. బతుకులో అంత సిగ్గు ఆయనెప్పుడూ పడలేదు. బల్ల దిగి, రోడ్డు మీదికి పరుగెత్తి టాక్సీ ఆపాడు. రెండు వీధుల దూరానికి టాక్సీ ఏమిటని డ్రైవరు గొణిగితే, "నువ్వు కూడా కొలవకు నాయనా, పోనీ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ మోకాలు తెరిచి, కడిగి, కీలు మధ్యనుండే ప్లాస్టిక్కు ముక్క మార్చి మూసింది. లోహం ఇంకా గట్టిగానే ఉంది, తీయాల్సిన పని లేకపోయింది. చేతులు కడుక్కుంటూ వరండాలోకొచ్చి బాబాయితో అంది.

"పట్టుకొచ్చి మంచిపని చేశారు. ఇంకో రెండువారాలు ఆగివుంటే కీలు గురించి కాదు, కాలు గురించి మాట్లాడుకునేవాళ్లం."

ఇంకో రెండువారాలు. సరిగ్గా గీత గీసే రోజుకు. బాబాయి మెట్లెక్కి గదిలోకి పోయి, రిజిస్టరు తెరిచి, మాస్టారి పేరు కింద తన చేత్తోనే ఎర్ర గీత గీశాడు. స్కేలు పెట్టాడు గానీ గీత వంకరే వచ్చింది. తర్వాత పైనున్న నలభై తొమ్మిది పచ్చగీతల్ని ఒక్కొక్కటే చూశాడు. ఒక్కొక్క గీత వెనకా ఒక్కొక్క గొంతు వినబడింది. బాగున్నానండీ. బ్రహ్మాండం బాబాయ్. మీ దయవల్ల. ఇవన్నీ నోటి కొలతలే.

మధ్యాహ్నం డాక్టరమ్మ గదికెళ్లి నిలబడ్డాడు.

"అమ్మా, పచ్చవన్నీ నేను కళ్లతో చూసినవి కావు. వాళ్లతో చెప్పించుకున్నవి. నేనే గారంచేసి అబద్ధం నేర్పాను."

ఆవిడ గోడ మీది క్యాలెండరు వంక చూసింది. సభ ఇంకా ఇరవై రోజులే.

"అందర్నీ పిలిచి చూడ్డానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"రెండు నెలలమ్మా."

ఆవిడ ఫోను తీసి, ఈసారి సభలో తన ప్రసంగం లేదని చెప్పేసింది. బాబాయి వంక చూడకుండానే, "ఇక మీ మామూలు ప్రశ్నలొద్దు. కాలు చూడండి. మందుల డబ్బా తెప్పించుకొని చూడండి" అంది.

నలభై తొమ్మిది మందిలో నలభై నలుగురు వచ్చారు. రాలేని అయిదుగురి ఇళ్లకు బాబాయే బస్సులు మారి వెళ్లాడు. మెట్లున్న ఇళ్లు, లిఫ్టు పాడైన ఇళ్లు, కుక్క ఉన్న ఇల్లొకటి. "ఎలా ఉన్నారు?" అని అడగడం మానేశాడు. "చెప్పులెక్కడ విప్పుతారు? చివరిసారి మేడమీదికి ఎప్పుడెక్కారు? మందుల డబ్బా ఇలా ఇవ్వండి" అనేవాడు. ముగ్గురు దొరికిపోయారు. ఒక పంతులమ్మ తెలిసిన మందుల షాపు నుంచి క్రిముల మాత్రలు ఏడాదిగా మింగుతోంది. ఒక లారీ డ్రైవరు వేరేచోట మళ్లీ కోయించుకొని, డాక్టరమ్మ చిన్నబుచ్చుకుంటుందని చెప్పలేదు. ఒక పెద్దాయన రసిని చెమట అని చెప్పి, ఇంట్లోవాళ్లనే కాక తననూ నమ్మించుకున్నాడు. పెద్దాయనకూ పంతులమ్మకూ వైద్యం మళ్లీ మొదలైంది. లారీ డ్రైవరుకు తిట్లు పడ్డాయి, అవీ ప్రేమగానే.

యాభై అవుతుందనుకున్న లెక్క నలభై ఆరుకు దిగింది. నూటికి డెబ్బై నాలుగు. మరుసటి సభలో డాక్టరమ్మ అదే చదివింది. చప్పట్లు ఓ మోస్తరుగా పడ్డాయట. ఆ అంకె చూసుకొని బాబాయికి రెండు రోజులు అన్నం సయించలేదు. నిజం రుచి మొదట అలాగే ఉంటుంది మరి.

పచ్చసిరా పెన్నూ ఎర్రసిరా పెన్నూ డాక్టరమ్మతో మాట్లాడిన వారం పది రోజుల్లోనే కూతురికిచ్చేశాడు. రిజిస్టర్లో ఇప్పుడంతా నీలమే, చూసింది చూసినట్టు. పెన్నులివ్వడానికి వెళ్లినప్పుడు అల్లుడితో, "ఈ కళ్లజోడు మంచిది నాయనా. మరక కనిపించింది" అన్నాడు. ఇంకా నెలన్నర గడువుండగానే! అల్లుడు ఆ రోజు దుకాణం తెరవడం మర్చిపోయాడని పిన్ని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

మాస్టారి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైంది. ఇప్పుడు ఫోను లేదు. మూడు నెలలకొకసారి సాయంత్రం బాబాయే రెండు వీధులు నడిచి వెళతాడు. మొదటిసారి వెళ్లినప్పుడు పాత అలవాటు కొద్దీ నోరు జారాడు.

"ఎలా ఉన్నారు మాస్టారూ?"

"బాగాలేను బాబాయ్" అని మొదలుపెట్టాడు మాస్టారు. దగ్గు, నిద్ర పట్టకపోవడం, సూది విరగడం, ఇచ్చిన గుడ్డ పొట్టిగా ఉంటే తనదే తప్పనే ఖాతాదారులు, వినని భార్య. అరగంట. బాబాయి ఒక్క మాటకూ అడ్డం రాలేదు. ఆయన ఉద్యోగంలో చేరాక విన్న మాటలన్నిటిలోకీ తియ్యటి మాట ఆ "బాగాలేను" అన్నదే. తర్వాత అడక్కుండానే మాస్టారు ప్యాంటు పైకి మడిచాడు. కుట్టు పొడిగా, శుభ్రంగా ఉంది.

"నీలమేనటగా గీత" అన్నాడు మాస్టారు. "ఇదేం న్యాయం బాబాయ్? ఆ పచ్చగీత కోసం పదకొండు రోజులు కాలు కుళ్లబెట్టుకున్నాను."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటే బాబాయికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి కనబడకుండా, కుట్టు దగ్గర్నుంచి చూసే మిషతో నేల మీద మోకాళ్లూనాడు. ముప్పై ఎనిమిదిన్నర నడుంతో మాస్టారు కుట్టిన కొత్త ప్యాంటు, ఎక్కడా పట్టెయ్యకుండా హాయిగా వంగింది. మోకాళ్లు మాత్రం టక్కుటక్కుమన్నాయి. నాలుగు వైపులా నొక్కి చూసి లేవబోయాడు. లేవలేకపోయాడు. మిషను పట్టుకొని, పళ్లు బిగించి, రెండో ప్రయత్నంలో లేచాడు.

"మీ మోకాళ్లెలా ఉన్నాయి బాబాయ్?" అన్నాడు మాస్టారు.

"నాకేం? బ్రహ్మాండంగా ఉన్నాయి."

మాస్టారి భార్య కుడుతున్న బొత్తం ఒళ్లో పెట్టి తలెత్తింది.

"ప్యాంటు పైకెత్తండి అన్నయ్యగారూ" అంది.